డాబా మీది వానకి ఇంటి కింద చోటు: ఏ సంపు వేయించాలి?

"సార్, సిక్స్ బై సిక్స్ వేసేద్దాం. ఈ లైన్‌లో అందరూ అదే వేశారు."

సొంతిల్లు కట్టుకునేవాళ్లకి మేస్త్రీ నోట తప్పకుండా వినిపించే మాట ఇది. మనం కూడా సరే అనేస్తాం. కిచెన్ టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం, బాత్రూమ్ ట్యాపు కోసం పది రీల్స్ చూస్తాం. సంపు విషయం మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేస్తాం. టైల్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. సంపు మీద ఒకసారి మట్టి కప్పి, పైన కారు పెట్టుకున్నాక ఇక మార్చేదేముంది? పాతికేళ్లో ముప్పయ్యేళ్లో అది అక్కడే ఉంటుంది, బాగున్నా బాగోకపోయినా.

ఇప్పటిదాకా మన ఊళ్లలో సంపు అంటే మున్సిపాలిటీ నీళ్లు, ట్యాంకర్ నీళ్లు పట్టుకునే గొయ్యి. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి గేటు బయటికి, అక్కణ్నుంచి కాలవలోకి పోతుంది. ఏప్రిల్‌లో ట్యాంకర్ బుక్ చేసి ఫోన్ పట్టుకుని కూర్చునేది మనమే, జులైలో నీళ్లని రోడ్డు మీదికి వదిలేసేదీ మనమే. అహ్మదాబాద్ పాత బస్తీలో పోళ్లని పిలిచే వాడల్లో ఇంటి నడవా కిందే వాన నీళ్ల టాంకాలు కట్టుకునేవాళ్లు. ఆ పాత పద్ధతినే ఇప్పుడు మనవాళ్లలో కొందరు మొదలుపెడుతున్నారు. బానే ఉంది. కానీ ఎంత పెద్దది? ఇటుకా, కాంక్రీటా, ప్లాస్టిక్కా? ఏ మూల?

ముందు లెక్క, తర్వాత గొయ్యి

ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు నీళ్లు. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా ఫోన్‌లో కాలిక్యులేటర్ పనే.

150 గజాల స్థలంలో ఇల్లు అనుకుందాం. డాబా దాదాపు 1,000 చదరపు అడుగులు ఉంటుంది, అంటే 93 చదరపు మీటర్లు. వార్తల్లో "7 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది" అని వింటుంటాం కదా. అంటే 70 మిల్లీమీటర్లు. 93ని 70తో గుణిస్తే 6,500 లీటర్లు. స్లాబ్ పీల్చేది, చిందిపోయేది, ఫిల్టర్ దగ్గర పోయేది కలిపి 20 శాతం తీసేసినా 5,200 లీటర్లు మిగులుతాయి. ఒక్క రోజు వానకి ఒక ట్యాంకర్!

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదే డాబాకి అది దాదాపు 60 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. అనంతపురం లాంటి చోట 550 మిల్లీమీటర్లు అనుకున్నా 40 వేల లీటర్లు దాటుతుంది.

అలాగని 60 వేల లీటర్ల సంపు ఎవరూ కట్టరు, కట్టనక్కర్లేదు కూడా. వాన ఒక్కసారే పడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా విడతలు విడతలుగా పడుతుంది. ట్యాంకు నిండుతుంది, వాడతాం, మళ్లీ నిండుతుంది. నెల్లూరు వైపు కథ కొంచెం వేరు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ. కాబట్టి నిండిన ట్యాంకు వేసవికి మరింత దగ్గరగా ఉంటుంది.

సైజు తేలాలంటే మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ నీళ్లు దేనికి?

తాగడానికి, వంటకి మాత్రమే అయితే నలుగురున్న ఇంట్లో రోజుకి 40 లీటర్లు సరిపోతాయి. 5,000 లీటర్లు 125 రోజులు వస్తాయి. అక్టోబరు ఆఖర్న నిండితే మార్చి మొదటివారం దాకా అన్నమాట. అదే నీళ్లు స్నానాలకీ, బట్టలకీ, ఫ్లష్‌కీ అన్నిటికీ వాడితే? మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది ఇంజినీర్లు వాడే లెక్క. నలుగురికి 540. అదే ట్యాంకు తొమ్మిది రోజుల్లో ఖాళీ. ట్యాంకు మారలేదు, వాన మారలేదు. వాడకం మారింది అంతే.

నల్లగొండలోనో, కనిగిరి వైపో ఇల్లు కట్టేవాళ్లకి ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే కాచినా పోదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు మహా అయితే 1.5. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదనే చెప్పాలి. అలాంటి ఊళ్లో ఈ సంపులోని నీళ్లని మొక్కలకి పోయడం నా దృష్టిలో అన్యాయం. అక్కడ అవి వంటింటికే వెళ్లాలి, పిల్లల గ్లాసుల్లోకే వెళ్లాలి.

హైదరాబాద్, విజయవాడల్లో కుళాయి నీళ్లు ఎంతో కొంత వచ్చే ఇంటికైతే 5,000 నుంచి 8,000 లీటర్లు చాలు. అంతకంటే పెట్టగలిగితే ఆ డబ్బు మంచి ఇంకుడు గుంతకి పెట్టండి. సంపు నిండాక పొంగే నీళ్లు దాంట్లోకి పోతాయి, మీ బోరుకే పనికొస్తాయి.

లోపలి కొలతా, బయటి కొలతా?

ఇప్పుడు మేస్త్రీ చెప్పిన సిక్స్ బై సిక్స్ దగ్గరికి వద్దాం. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. మొత్తం 180 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. కాబట్టి 5,000 లీటర్లకి పైనే. కాగితం మీద బ్రహ్మాండం.

కానీ ఆ ఆరడుగులు గోడ లోపలా, బయటా? బయటి కొలత అయితే చుట్టూ తొమ్మిదించుల గోడ తీసేయాలి. లోపల మిగిలేది నాలుగున్నర బై నాలుగున్నర. ఇప్పుడు లెక్కేస్తే 2,900 లీటర్లు కూడా లేదు! గొయ్యి అదే, డబ్బులూ అవే, నీళ్లు మాత్రం సగం కంటే కొంచెం ఎక్కువ.

ఇంకొకటి. ఐదడుగుల లోతులో నీళ్లు ఐదడుగులు నిలవవు. పైన ఓవర్‌ఫ్లో పైపు ఎక్కడుంటే అక్కడిదాకే నీళ్లు. కింద ఫుట్‌వాల్వ్‌ని అడుక్కి ఆనించకుండా ఆరించులు పైకి పెట్టాలి, లేదంటే బురదంతా లాగుతుంది. పైనా కిందా కలిపి ఓ అడుగు పోతుంది. కాబట్టి కొటేషన్‌లో "6×6×5 సంపు" అని కాకుండా "లోపలి కొలతల్లో, ఓవర్‌ఫ్లో దాకా ఇన్ని లీటర్లు" అని రాయించుకోండి. "అన్నా, లీటర్లలో చెప్పు" అని ఒక్క మాట అడిగితే చాలు, చాలా మేస్త్రీలు అక్కడే మళ్లీ టేపు తీస్తారు.

మట్టిని బట్టి ట్యాంకు

ఏది మంచిదని అడిగితే ఒక్క జవాబు ఉండదు. మీ కింద ఏ నేల ఉందో అది చెబుతుంది.

ఎర్ర నేల, గట్టి నేల అయితే ఇటుక గోడ సంపు బానే నిలుస్తుంది. అడుగున కాంక్రీటు బెడ్, లోపల రెండు పొరల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్, మూలలు గుండ్రంగా తిప్పడం ఉంటే చాలు. ఖర్చు తక్కువ, ఏ మేస్త్రీకైనా చేతనైన పని. నల్లరేగడిలో మాత్రం ఇటుక జోలికి పోవద్దు. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. ఏడాదికోసారి గోడని నెడుతూ, వదులుతూ ఉంటుంది. మూడో ఏడో నాలుగో ఏడో గోడ మీద సన్నటి గీత కనిపిస్తుంది. అక్కడ ఆర్‌సీసీ గోడలే సరి. అదీ ఇంజినీర్ చేత డిజైన్ చేయించి. నీళ్లు నిలిపే కాంక్రీటుకి ఐఎస్ 3370 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది. "సార్, ఇది ఆ లెక్కనే వేశారా?" అని అడగండి. తెల్లమొహం వేస్తే వేరే ఇంజినీర్‌ని చూసుకోవచ్చు.

హైదరాబాద్‌లో చాలాచోట్ల మూడడుగులు తవ్వగానే బండ తగులుతుంది. బ్రేకర్ పెట్టి ఐదడుగులు దింపే ఖర్చు సంపు ఖర్చుని దాటిపోవచ్చు. అలాంటప్పుడు లోతు తగ్గించి వెడల్పు పెంచుకోవడం తెలివైన పని. ఎనిమిది బై ఎనిమిది, మూడడుగుల లోతు వేసినా 5,400 లీటర్లు వస్తుంది. చూడ్డానికి ఉపాయంగా ఉండదు కానీ జేబుకి ఉపాయమే.

ఇక ప్లాస్టిక్. రెండ్రోజుల్లో పని అయిపోతుంది, అతుకులుండవు కాబట్టి లీకేజీ భయం తక్కువ. కానీ డాబా మీద పెట్టే నల్ల ట్యాంకుని తెచ్చి గోతిలో దించేద్దాం అనుకుంటే అంతే సంగతులు. అది లోపలి నీళ్ల బరువు మోయడానికి చేసింది. బయటి మట్టి తోపుడు మోయడానికి కాదు. ట్యాంకు ఖాళీ అయిన రోజు పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి. భూమిలో పాతడానికని ప్రత్యేకంగా మందంగా, చుట్టూ పట్టీల్లాంటి గట్లతో చేసినవి ఉంటాయి. అవే కొనాలి. గొయ్యి అడుగున రాళ్లు లేకుండా ఇసుక పరచాలి. చుట్టూ మట్టి నింపేటప్పుడు లోపల నీళ్లు కూడా అదే ఎత్తుకి నింపుతూ రావాలి. షాపువాడు ఈ చివరి ముక్క చెప్పడు, పని చేసేవాడికి ఓపిక ఉండదు. ఆ రోజు సెలవు పెట్టి మీరే దగ్గరుండండి.

కోనసీమలోనో, భూమిలో నీళ్లు పైపైనే ఉండే ఏ డెల్టా ఊళ్లోనో అయితే ఇంకో తమాషా ఉంది. ఖాళీ ట్యాంకు పడవలా తేలుతుంది! 5,000 లీటర్ల ట్యాంకు చుట్టూ నేలలో నీళ్లు పూర్తిగా పైకొస్తే, దాన్ని దాదాపు 5 టన్నుల బలంతో పైకి తోస్తాయి. ప్లాస్టిక్ ట్యాంకు సొంత బరువు దాని ముందు ఏపాటి? కింద కాంక్రీటు బెడ్ వేసి పట్టీలతో బిగించాలి, వానాకాలంలో ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకూడదు. అంత తిప్పలెందుకు అనుకుంటే అక్కడ బరువైన ఆర్‌సీసీయే నయం.

సిమెంటు వరలు దించి చేసే సంపులు చవక. చిన్నింటికి, మొక్కల నీళ్లకి పర్లేదు. అతుకుల దగ్గర కారకుండా చేయడమే కష్టం. తాగే నీళ్లకి నేనైతే ఒప్పుకోను.

ఈశాన్యం, సెప్టిక్ ట్యాంకు, కారు

సంపు ఎక్కడ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "ఈశాన్యంలోనే నాయనా" అంటారు. ఈశాన్యంలో ఖాళీ ఉండి, డాబా వాలు కూడా అటే ఉంటే ఏ గొడవా లేదు, వేసేయండి. ఇల్లు ఇంకా ప్లాన్‌లోనే ఉంటే డాబా వాలు అటు ఇమ్మని ముందే చెప్పొచ్చు, అత్తగారూ సంతోషిస్తారు, పైపు ఖర్చూ తగ్గుతుంది. వాస్తు కంటే ముందు చూడాల్సింది మాత్రం సెప్టిక్ ట్యాంకు. దానికి వీలైనంత దూరంగా, నేల వాలులో దానికంటే ఎగువన సంపు ఉండాలి. సంపు గోడలో బీట ఉంటే మన నీళ్లు బయటికి కారడం ఒక నష్టం. బయటి మురుగు లోపలికి రావడం అసలు ప్రమాదం. అది కంటికి కనపడదు. ఇంట్లో వరసపెట్టి అందరికీ విరేచనాలు అయ్యాకే అనుమానం వస్తుంది.

కట్టి ఉన్న ఇంటి పక్కన తవ్వేటప్పుడు పునాదిని చూసుకోవాలి. పునాది అడుగు కంటే ఎంత కిందికి తవ్వుతామో కనీసం అంత దూరం జరగడం మంచిది. స్థలం లేదంటే ఇంజినీర్‌కి చూపించకుండా పార పెట్టనివ్వొద్దు. పెద్ద చెట్టు పక్కన వద్దు, వేర్లు తడిని వెతుక్కుంటూ వస్తాయి. పైన కారు ఆగుతుందంటే మూత స్లాబ్ ఆ బరువుకే వేయాలి. ప్లాస్టిక్ ట్యాంకు మీద నేరుగా కారు పెట్టడానికి వీల్లేదు. బరువు మోసే స్లాబ్ విడిగా, ట్యాంకుకి ఆనకుండా వేయించాలి.

మూత నోరు నేల కంటే ఎత్తుగా ఉండాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్ల సంపుల్లోకి మురుగు దిగిందో చూశాం. మీ వీధిలో అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీది మరక చెబుతుంది. మూత దానికంటే పైన ఉంటే మంచిది. లేదా నీళ్లు చొరబడకుండా బిగుసుకునే మూతైనా ఉండాలి.

మున్సిపల్ నీళ్ల సంపులోనే వాన నీళ్లు కలిపేయొచ్చా అని చాలామంది అడుగుతారు. స్నానాలకీ బట్టలకీ అయితే కలుపుకోండి. తాగాలనుకుంటే మాత్రం విడిగానే. ఏ నీళ్లు చెడినా రెండోదైనా మిగులుతుంది. ఒకే గొయ్యిలో మధ్య గోడ కట్టి రెండు చేస్తే ఆ గోడకి రెండు వైపులా వాటర్‌ప్రూఫింగ్ ఉండాలని మర్చిపోవద్దు.

డాబా నుంచి సంపు దాకా

ట్యాంకు ఎంత మంచిదైనా దాంట్లోకి వెళ్లేది డాబా మీది నీళ్లే. పావురాల రెట్టలు, ఎండిన ఆకులు, వడియాలు ఎండబెట్టిన మిగుళ్లు, దీపావళి మందుగుండు బూడిద, అన్నీ అక్కడే ఉంటాయి. కాబట్టి ప్రతి వానకీ మొదటి నీళ్లు బయటికి పోవాలి. 1 మిల్లీమీటరు వాన అంత అని లెక్క పెట్టుకోవచ్చు. మన 1,000 అడుగుల డాబాకి అది 90 నుంచి 100 లీటర్లు. కొందరు ప్లంబర్లు నాలుగించుల పైపు ఒక మీటరు ముక్క నిలబెట్టి "ఇదే ఫస్ట్ ఫ్లష్" అంటారు. ఆ ముక్కలో పట్టేది 9 లీటర్లు కూడా ఉండదు. ఒక 100 లీటర్ల డ్రమ్ము పెట్టించండి, అది నిండాకే నీళ్లు ఫిల్టర్ వైపు తిరిగేలా.

ఫిల్టర్ పెద్ద శాస్త్రమేం కాదు. గొట్టం మొదట్లో జాలీ, తర్వాత కంకర, ఇసుక వేసిన చాంబర్. చేత్తో తీసి కడగగలిగేలా ఉండాలి, అంతే. కడగలేని ఖరీదైన ఫిల్టర్ కంటే కడిగే చవక ఫిల్టర్ నయం. సంపులోకి దిగే పైపు అడుగుదాకా వెళ్లి పైకి వంగితే నీళ్లు మెల్లగా దిగుతాయి, అడుగు బురద లేవదు. గాలి గొట్టానికి, ఓవర్‌ఫ్లోకి దోమల జాలీ తప్పదు. డెంగీ దోమకి మంచి నీళ్లే ఇష్టం.

వెలుతురు పడకపోతే పాచి పట్టదు, అది భూమిలో ట్యాంకుకున్న పెద్ద లాభం. అయినా తాగే ముందు కాచుకోండి. క్లోరిన్ వేయాలనుకుంటే 1,000 లీటర్లకి 4 గ్రాముల దాకా తాజా బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, తేటనీరు మాత్రమే పోయాలి. మొదటి ఏడాది ఒకసారి ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తే మనసు కుదుటపడుతుంది.

మట్టి కప్పేముందు ఒక పని. సంపు నిండా నీళ్లు నింపి, గోడలు పీల్చుకోవడానికి రెండ్రోజులు వదిలి, మళ్లీ నింపి, పెన్సిల్‌తో గీత పెట్టండి. మూత వేసి వారం ఆగండి. గీత దగ్గరే నీళ్లుంటే మేస్త్రీకి మిగతా డబ్బులు ఇచ్చేయొచ్చు.

మూత, మనిషి

పేపర్లలో ఏటా చదివే వార్తలే. ఆడుకుంటున్న పాప, తెరిచి ఉన్న సంపు. లేదా శుభ్రం చేయడానికి దిగిన కూలీ, అతన్ని పైకి లాగడానికి దిగిన ఇంకొకరు. ఇద్దరూ తిరిగి రారు.

మూసిన సంపులో గాలి ఉంటుందనుకుంటాం, ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు. కొత్త స్లాబ్ వేశాక లోపల తడిసిన సెంట్రింగ్ చెక్కలు రోజుల తరబడి ఉంటే అవి కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తాయి. లోపలికి పెట్రోల్, డీజిల్ ఇంజిన్ పంపు దింపితే విషవాయువు నిండుతుంది, దానికి వాసన కూడా ఉండదు. కాబట్టి మూత తీసి గంటల తరబడి వదలండి, వీలైతే బ్లోయర్‌తో గాలి పంపండి. మోటారు స్విచ్ మాత్రమే కాదు, మెయిన్‌లో దాని ఎంసీబీ ఆపండి. దిగేవాళ్ల నడుముకి తాడు, పైన తాడు పట్టుకునే మనుషులు ఉండాలి. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దిగొద్దు, తాడుతోనే లాగాలి, ఫైర్ సర్వీసుకి 101కి ఫోన్ చేయాలి. "ఐదు నిమిషాల పనే కదన్నా" అని కూలీ అన్నా ఒప్పుకోవద్దు. అసలు మనిషి దిగే అవసరమే తగ్గాలంటే కట్టేటప్పుడే అడుగు ఒక మూలకి వాలు పెట్టి, అక్కడ చిన్న గుంట చేయించండి. బురదని పైనుంచే పంపుతో లాగేయొచ్చు.

మూత రెండడుగులు బై రెండడుగులు, తాళం వేసేది. ఇనుపరేకు మూత నాలుగేళ్లలో తుప్పు పట్టి కాలు దిగబడేలా అవుతుంది, ఫైబర్ మూత కొంచెం ఖరీదైనా తుప్పు గొడవ లేదు. మూత కింద ఒక జాలీ కూడా బిగిస్తే, తాళం మర్చిపోయిన రోజున కూడా పిల్లలు లోపలికి పడరు. మొత్తం ఖర్చులో ఈ జాలీ ఎంతని? ఇల్లు అద్దెకిస్తున్నా సరే, అది మాత్రం పెట్టించే తీరాలి.

తవ్వకం ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకోండి. జూన్‌లో మొదలుపెడితే సగం తవ్విన గోతిలోకి వాన దిగి పక్కలు విరిగిపడతాయి, లోపల పనివాళ్లున్నారంటే ఇంకా ప్రమాదం. కాంక్రీటుకి క్యూరింగ్, ప్లాస్టరింగ్, వారం రోజుల టెస్ట్, పైపులు, అన్నీ కలిపి రెండు నెలలు పట్టొచ్చు. మే ఆఖరుకి డాబా ఒకసారి చీపురుతో ఊడ్చి కడగండి. మొదటి రెండు వానలు పూర్తిగా బయటికే వదిలేసి, మూడో వాన నుంచి వాల్వు సంపు వైపు తిప్పండి.